తొట్టి పక్క కుర్చీ

నాకు అసహ్యం పాలు ఎక్కువ. చిన్నప్పుడు కంచంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకి తిండి మానేసేదాన్ని. అలాంటి దాన్ని తీసుకొచ్చి మా అక్క తన పళ్ల క్లినిక్‌లో పెట్టుకుంది. అక్క డాక్టరు. పరికరాలు కడిగేది, ఫోన్ ఎత్తేది, హాల్లోకి తొంగిచూసి పేర్లు పిలిచేది నేను. వచ్చినవాళ్ల నోళ్లలోంచి వచ్చే రక్తం, ఉమ్ము, పిప్పి అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. అన్నిటికీ అలవాటు పడ్డాను. మా బావ తెచ్చిన రాళ్లకి మాత్రం అలవాటు పడలేకపోయాను.

బావ, అంటే అక్క మొగుడు, ఉద్యోగం పోయినప్పటి నుంచి ఏదో ఒకటి మొదలుపెడుతూనే ఉన్నాడు. మంచం కింద పుట్టగొడుగులు పెంచాడు. నా స్టవ్ మీద మైనం కాచి కొవ్వొత్తులు పోశాడు. మనిషి చెడ్డవాడని అనలేను. మాటకారి. ఎలాంటి వాళ్లనైనా ఇట్టే బుట్టలో వేసేస్తాడు. అదే మా కొంప ముంచింది.

వీధికి అవతల కొత్త పళ్ల ఆసుపత్రి ఒకటి తెరిచారు. వాళ్ల హాల్లో గోడంత టీవీ, పిల్లలకి జారుడుబల్ల. మా హాల్లో ఒక వరస కుర్చీలు, అట్టలు ఊడిన పత్రికలు, చిగుళ్ల జబ్బుల బొమ్మలు. పిల్లలు మా గుమ్మంలోనే ఏడుపు లంకించుకునేవాళ్లు.

"చేపలు పెడదాం. చేపల్ని చూస్తూ కూర్చుంటే భయం పోతుంది" అన్నాడు బావ.

పెడితే రెండు బంగారు చేపలు పెట్టి ఊరుకోవచ్చు. అబ్బే, ఆయనకి సముద్రమే కావాలి. ఉప్పునీళ్లు, పగడాలు, వాటి మధ్య తిరిగే రంగురంగుల చేపలు. క్లినిక్ డబ్బు ముట్టుకోవద్దని అక్క ఖండితంగా చెప్పింది. ఇక ఈయన బుర్ర పాదరసంలా పనిచేసింది. ఎవరో తాబేలుని పెంచి విసిగిపోయిన గాజుతొట్టిని గీతలతో సహా తెచ్చాడు. నీళ్లు కొనక్కర్లేకుండా, నేను పరికరాల కోసం ఆవిరి పట్టి దాచుకునే శుద్ధి నీళ్లని బకెట్లకి బకెట్లు ఎత్తుకుపోయాడు. నీళ్లలో మురికి నురగని లాగడానికి ఒక యంత్రం కావాలట. రోగుల ఉమ్ముని పీల్చే పాత జాడీ మా అటక మీద ఉంటే, దానికి గొట్టాలు తగిలించి అదీ తయారుచేశాడు. అది గురగురమంటూ గోధుమరంగు నురగని కక్కేది. మనుషుల ఉమ్ముతో పని అయిపోయిందనుకున్న జాడీని నేను మళ్లీ కడగాల్సి వచ్చింది.

ఆ తర్వాత రాళ్లు వచ్చాయి. తొట్టి పెట్టడం మానేస్తున్న ఒకాయన చవగ్గా వదిలించుకున్న రాళ్లు, తడి కాగితాల్లో చుట్టి, రెండు బకెట్లలో.

"వీటిని బతికున్న రాళ్లంటారు మరదలా" అన్నాడు బావ, పసిబిడ్డని చూపిస్తున్నట్టు కాగితం విప్పుతూ. "మొత్తం వ్యవహారం వీటిలోనే ఉంది. కంటికి కనపడని జీవాలు ఈ కన్నాల్లో కాపురం ఉంటాయి. నీళ్లని శుభ్రం చేసేది అవే. ఇవి పెట్టామంటే తొట్టి సగం తయారైనట్టే."

కంటికి కనపడనివి సరే, కనపడేవి నాకు చాలు. ఊదారంగు పొక్కులు, జిగట పట్టిన స్పాంజి ముక్కలు, కన్నం కన్నంలోంచి కారే నీళ్లు. ఒక కన్నంలోంచి వెంట్రుకలున్న పురుగు ఒకటి మెల్లగా సాగి, బకెట్ అంచు దాకా వచ్చి, ఎటు పోవాలా అని తల అటూ ఇటూ తిప్పింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. ఆవిడ చూపు ఆ పురుగు మీదే పడింది.

మా అక్క గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని క్రిముల్ని చంపడమే. స్పూను కిందపడితే ఉడికిస్తుంది. కొత్త పెన్ను తుడవందే పట్టుకోదు. బావ ఉప్పు కొనడానికి వెళ్లగానే చేతులకి తొడుగులు వేసుకుని ఆ రాళ్లన్నీ ట్రేలలో సర్దింది. పరికరాలని ఒత్తిడి మీద ఆవిరితో ఉడికించే యంత్రం ఉంటుంది మాకు, ఆటోక్లేవ్ అంటాం. రాళ్లని అందులో పెట్టి మూత బిగించింది.

"అక్కా, బావ వాటిని బతికున్నవి అన్నాడే" అన్నాను.

"నా క్లినిక్‌లోకి ఉడక్కుండా ఏదీ రాదు" అంది.

ఆటోక్లేవ్ తలుపు తీసిన క్షణం నేను చచ్చేదాకా మరిచిపోను. చేపల బజారంతా ఒకే గిన్నెలో వేసి చారు కాచినట్టు ఆవిరి మొహాన కొట్టింది. ఊదారంగు పొక్కులన్నీ బూడిదరంగుకి తిరిగాయి. ఆ పురుగు ట్రే అంచున చుట్టలు చుట్టుకుని ఉడికి ఉంది. నేను సింకు దగ్గరికి పరిగెత్తాను.

బావ వచ్చి చూసి, ఉప్పు సంచీతో సహా నేల మీద చతికిలబడ్డాడు. "చంపేశావా? బతికున్న రాళ్లని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదే!"

"బతికున్నాయనే కదండీ ఉడికించింది" అంది అక్క. అయితే ఆ పూట ఆవిడ గొంతులో రోజూ ఉండే బిగువు లేదు. మళ్లీ రాళ్లు కొనే స్తోమత లేదని ఇద్దరికీ తెలుసు.

చివరికి బావే దారి కనిపెట్టాడు. రాళ్లలో చచ్చినదంతా నీళ్లలోనే కుళ్లాలట. కుళ్లుని తినే క్రిములు వాటంతటవే పుట్టుకొచ్చి, తినీ తినీ పెరిగి, రాళ్లలో చేరి, కొన్ని వారాలకి నీళ్లని తేటగా చేసేస్తాయట. పని తొందరగా అవుతుందని ఒక పచ్చి రొయ్యని కూడా మా గాజుగుడ్డలో మూట కట్టి తొట్టిలో వేలాడదీశాడు. తొట్టిని హాల్లో ఒక మూల పెట్టి, ఆపరేషన్లప్పుడు కప్పే ఆకుపచ్చ గుడ్డ కప్పాడు. తయారయ్యేదాకా దిష్టి తగలకూడదని సాకు చెప్పాడు. తొట్టిలో పట్టని రాళ్లని మూత ఉన్న బకెట్లో వేసి వెనక బాత్రూంలో పెట్టాడు. తను చేసిన నిర్వాకానికి నొచ్చుకుంటూ ఉందేమో, అక్క దేనికీ అడ్డు చెప్పలేదు.

కంపు రెండో రోజుకే మొదలైంది. రోజురోజుకీ ముదిరింది. సెలవుల్లో మరిచిపోయిన తిండి డబ్బా మూత తీస్తే వస్తుందే, అలాంటిది. మేము ముగ్గురం మాస్కుల్లో ఉంటాం కనక కొంత నయం. పళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు మాస్కు పెట్టుకుని కూర్చోరు కదా.

ఒక సాయంత్రం హాలు నిండుగా ఉంది. తొట్టి పక్క కుర్చీలో కళ్లజోళ్లమ్మాయి కూర్చుంది. మా కిందే, మెట్ల పక్కన కళ్లజోళ్ల షాపు ఉంది. అందులో కౌంటర్ మీద పనిచేస్తుంది. అమ్మాయి అంటున్నాను గానీ బడికి వెళ్లే కూతురుంది. జోడు పెట్టి, మొహంలో మొహం పెట్టి, అది ముక్కు మీద ఎలా కూర్చుందో, చెవుల వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి సరిచేస్తుంది. ఆ చేతి వాటం కోసమే జనం ఆ షాపుకి వస్తారు. ఆ రోజు పంటిలో ఊడిన సిమెంటు మళ్లీ పెట్టించుకోవడానికి వచ్చింది.

ఎదురుగా కూర్చున్న మీసాలాయన ముక్కు ఎగబీల్చి, "ఏంటండీ ఈ కంపు? పీనుగేమైనా ఉందా?" అని గట్టిగా అడిగాడు.

బావ కౌంటర్ దగ్గర ఉన్నాడు. రొయ్య అని చెప్పొచ్చు. తొట్టి అని చెప్పొచ్చు. చెప్పలేదు. నవ్వాడు. "పళ్ల ఆసుపత్రి కదండీ. ఎన్నో రకాల నోళ్లు వస్తుంటాయి. ఎవరిని ఏమంటాం?"

హాల్లో నోళ్లన్నీ టక్కున మూతపడ్డాయి. ఒకావిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఊది వాసన చూసుకుంది. ఒకాయన జేబులోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకున్నాడు. ఆ తర్వాత అందరి కళ్లూ ఒకదాని వెనక ఒకటి కంపు వచ్చే మూలకి తిరిగాయి. ఆ మూలన ఉన్నది కళ్లజోళ్లమ్మాయి. ఆమె పక్కన కూర్చున్నావిడ బ్యాగు తీసుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగింది.

నేను పేరు పిలిచే నెపంతో ఆమెని లోపలికి తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చోకముందే నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నా నోరు కంపు కొడుతోందా?" అంది గుసగుసగా.

"లేదమ్మా, ఆ మాటలేవీ పట్టించుకోకు" అన్నాను.

"మీరు మాస్కులో ఉన్నారు కదా, మీకు తెలీదు" అంది. అక్క సిమెంటు పెట్టడం పూర్తి చేసేసరికి ఆమే క్లీనింగ్ కూడా చెయ్యమని అడిగింది. అక్క చేసింది.

ఆ రోజు మొదలు వచ్చినవాళ్లంతా క్లీనింగ్ అడగడం మొదలుపెట్టారు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడూ అడిగాడు. మీసాలాయన పెళ్లాన్నీ బామ్మర్దినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటికి వెళ్తే కంపు ఉండదు, మా హాల్లో కూర్చోగానే ఉంటుంది. దాన్నిబట్టి జబ్బు తమదేనని నమ్మారు గానీ హాలుదేమోనని ఒక్కరికీ తట్టలేదు. ఆ రాబడితో బావ తొట్టికి నీలం లైట్లు కొన్నాడు. "చూశావా మరదలా, మన క్రిములు సంపాదిస్తున్నాయి" అని మురిసిపోయాడు. ఆయన మొహం చూస్తే నాకు గోధుమరంగు నురగ గుర్తొచ్చింది.

"ఇది మోసం కాదా అక్కా?" అని అడిగాను.

"నేనేమైనా కంపుందని చెప్పానా? వాళ్లే అడుగుతున్నారు. క్లీనింగ్ ఎవరికైనా మంచిదే" అంది అక్క, చేతులు కడుక్కుంటూ. చాలాసేపు కడుక్కుంది. ఆవిడ ఎంత శుభ్రమైన మనిషో నాకు తెలుసు కనక ఇంకా రోత పుట్టింది.

రెండు వారాల తర్వాత నా కళ్లజోడు వదులై ముక్కు మీదికి జారుతుంటే కింద షాపుకి వెళ్లాను. కళ్లజోళ్లమ్మాయి రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి వేసుకుని ఉంది. నన్ను చూసి దగ్గరికి రాలేదు. బల్లకి అవతల నిలబడి, ఊపిరి బిగబట్టి, చేతులు చాచి జోడు నా మొహానికి తగిలించింది. ఆ దూరం నుంచి ఏం కనిపిస్తుంది? జోడు పుడక ఒకటి చెవి వెనక గుచ్చుకుంది, ఇంకోటి గాల్లో ఉంది.

"ఏంటిలా చేస్తున్నావ్?" అన్నాను.

సమాధానం షాపు ఓనరు ఇచ్చాడు, లోపల్నుంచి. "అదే అడగండి! వచ్చినవాళ్లని చూసి ముక్కు మూసుకుని వెనక్కి జరుగుతుంది. మేమేమైనా అంటరానివాళ్లమా అని కస్టమర్లు నన్ను తిడుతున్నారు. ఒకటో తారీఖు నుంచి వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషన్ దగ్గర వేస్తున్నాను. కౌంటర్‌కి ఇంకొకళ్లని చూసుకున్నా."

ఆమె తల ఎత్తలేదు. ఓనరు లోపలికి వెళ్లాక నెమ్మదిగా అంది. "అదే నయం అక్కా. అక్కడైతే మనుషులుండరు. మేడమ్ ఇప్పటికి మూడుసార్లు క్లీన్ చేశారు. మీ హాల్లో కూర్చుంటే చాలు, మళ్లీ తెలిసిపోతోంది. నా కూతురు పడుకునేటప్పుడు ముద్దు పెట్టమని ఏడుస్తుంది. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను."

వంకర జోడుతోనే మెట్లెక్కాను. నాకు ఒళ్లు మండిపోతోంది. అక్క ఒంటరిగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్లకి ముద్దు పెట్టడం లేదన్న మాట దగ్గర ఆవిడ చేతిలో పని ఆగింది. ఒక్క క్షణమే.

"ఇప్పుడు చెబితే ఏమవుతుందో తెలుసా?" అంది. "అందరూ వచ్చి డబ్బు వెనక్కివ్వమంటారు. ఎదురు ఆసుపత్రివాళ్లు పండగ చేసుకుంటారు. నీళ్లు తేటపడుతున్నాయట, ఇంకో నాలుగు రోజుల్లో కంపు దానంతటదే పోతుంది. కంపు పోతే ఆమె అనుమానమూ పోతుంది. నువ్వు నోరు మూసుకో."

కంపు నిజంగానే పోయింది. బావ గాజు గొట్టాల్లో నీళ్లు పోసి, చుక్కల మందు వేసి, రంగు చూసి, "అయిపోయింది!" అని గంతులేశాడు. రొయ్య మూటలో పెంకు కూడా మిగల్లేదు. తొట్టి గాజు తుడిచి, ఎవరో తమ తొట్టిలోంచి విరిచి ఇచ్చిన రెండు చిన్న పగడపు ముక్కల్ని రాళ్లకి అంటించాడు. నారింజరంగు మీద తెల్ల చారలున్న జంట చేపల్ని వదిలాడు. ఆకుపచ్చ గుడ్డ తీసేశాడు. నీలం వెలుగులో పగడం వేళ్లు తెరిచి ఊగింది. పిల్లలు ఏడుపు మానేసి గాజుకి ముక్కులు ఆనించారు. అందరూ ఆహా ఓహో అన్నారు. అందంగా లేదని నేనూ అనను. దాన్ని చూసినప్పుడల్లా నా నోట్లో మాత్రం నీళ్లూరేవి, వాంతికి ముందు ఊరినట్టు.

ఒకటో తారీఖుకి ముందు రోజు సాయంత్రం కళ్లజోళ్లమ్మాయి వచ్చింది. హాలు నిండా జనం. మీసాలాయనా ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. గోడకి ఆనుకుని, రెండు మాస్కుల మీద చేతి రుమాలు కూడా అడ్డం పెట్టుకుని నిలబడింది.

అక్క గుమ్మంలోకి వచ్చింది. "ఇప్పుడెలా ఉంది?"

"ఇవాళ తెలీడం లేదు మేడమ్" అంది ఆమె. "కానీ నమ్మకం లేదు. ఇన్నాళ్లుగా ఉన్నది ఒక్కసారి ఎలా పోతుంది? ముక్కు అలవాటు పడిపోయిందేమో."

అప్పుడు చెప్పొచ్చు. నేను అక్క మొహం వంకే చూస్తున్నాను. చెబుతుందనే అనుకున్నాను, నా మీద ఒట్టు. రక్తం పంచుకు పుట్టిన మనిషి కదా.

"చూశావా, ట్రీట్‌మెంట్ పనిచేసింది" అంది అక్క. "ఇంకొక్క సిట్టింగ్ చేయించుకున్నావంటే పూర్తిగా పోతుంది. రా, కూర్చో."

ఆమె బుద్ధిగా లోపలికి అడుగు వేసింది.

నేను కుర్చీలోంచి లేచి వెనక బాత్రూంలోకి వెళ్లాను. బావ మరిచిపోయిన బకెట్ అక్కడే, మూత బిగించి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఈడ్చుకుంటూ హాలు మధ్యకి తెచ్చాను. నేల మీద అది చేసిన చప్పుడుకి అందరూ తలలు తిప్పారు.

"ఏంటే అది?" అంది అక్క. ఏమిటో ఆవిడకి తెలుసు.

నేను మూత తీశాను.

వారాల తరబడి మగ్గిన కంపు హాలంతా ఒక్క ఉదుటున కమ్ముకుంది. బకెట్లో నల్లటి నీళ్లు, వాటి మీద తెట్టు, తెట్టులోంచి పైకి పొడుచుకొచ్చిన బూడిదరంగు రాళ్లు. ఒక పిల్లాడు ఓక్ అన్నాడు. నాకూ గొంతుదాకా వచ్చింది, మింగేశాను. "ఇలా రామ్మా. మాస్కు తీసి వాసన చూడు" అన్నాను.

ఆమె భయంభయంగా రుమాలు దించింది. ఒక మాస్కు, దాని కింద ఇంకోటి తీసింది. వంగింది. ముక్కుపుటాలు అదిరాయి. మళ్లీ పీల్చింది, ఈసారి బలంగా, కళ్లు మూసుకుని. ఇన్నాళ్లూ తనది అనుకుని బిడ్డని దూరం పెట్టిన వాసనని ఆమె గుర్తుపట్టడం నేను చూశాను.

ఆమె నిటారుగా నిలబడింది. అక్క వైపు చూడలేదు. తిన్నగా బావ దగ్గరికి నడిచింది. ఆయన తొట్టికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనక్కి జరగడానికి చోటు లేదు. కళ్లజోడు పెట్టేటప్పుడు ఎంత దగ్గరికి వస్తుందో అంత దగ్గరికి వెళ్లి, నోరు బార్లా తెరిచి, ఆయన మొహం మీద "హా" అని ఊదింది. ఆ పళ్లు అందరికీ కనిపించాయి. ముత్యాల్లా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి సార్" అంది. "ఆ రోజు కంపు ఎవరిది?"

చారల చేపలు ఆయన తల వెనక అటూ ఇటూ తిరిగాయి.

"రాళ్లదమ్మా" అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ.

మీసాలాయన లేచాడు. "అంటే మా ఇంటిల్లిపాదికీ చేయించిన క్లీనింగ్..." అని మొదలుపెట్టాడు. తర్వాత అందరూ ఒక్కసారే లేచారు. అక్క తొడుగుల చేతుల్ని గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ గొడవ ఎంతసేపు సాగిందో, ఆ రాత్రి అక్క నన్ను ఏమేం తిట్టిందో చెప్పుకుంటే నాకే సిగ్గు.

ఆ గొడవ మధ్యలోనే కళ్లజోళ్లమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మీ జోడు వంకరగా ఉంది" అంది. నా మొహం మీంచి తీసింది. తీయగానే తొట్టి, మనుషులు, అక్క అంతా అలుక్కుపోయి నీలం మరకలా కనిపించారు. పుడకల్ని వేళ్లతో వంచి, మొహంలో మొహం పెట్టి తగిలించింది. ఆమె ఊపిరి నా బుగ్గకి తగిలింది. ఏ వాసనా లేదు.

"అది రాళ్లదని మీకు ముందే తెలుసు కదా అక్కా" అంది, నాకు మాత్రమే వినపడేలా.

"తెలుసు" అన్నాను.

ఆమె రెండు పుడకల్నీ నా చెవుల వెనక నొక్కింది, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ బిగువుగా. తర్వాత మాస్కులు రెండూ బకెట్లో పడేసి, మెట్లు దిగి కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయింది.

అక్కడే పనిచేస్తోంది ఇప్పటికీ; ఓనరు కొత్తగా చూసుకున్న మనిషిని మిషన్ దగ్గర వేశాడు. రోజూ ఆమె ముందు నుంచే పైకెక్కుతాను. జోడు చెవుల వెనక ఒరుసుకుని ఎర్రగా కమిలింది. వదులు చెయ్యమని ఇంతవరకూ అడగలేదు.